బాల్కనీ తలుపుకు కొత్త మల్టీపాయింట్ లాక్: కొలతల నుంచి బిగింపు దాకా

హనుమకొండలో మా ఇంటి మొదటి అంతస్తులో, పడమటి బాల్కనీకి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) తలుపు ఉంది. దాని లాక్ పోయింది. హ్యాండిల్ పైకెత్తితే లోపల కరకరమని శబ్దం వస్తుంది, వదిలేస్తే అడ్డంగా నిలబడాల్సిన హ్యాండిల్ కిందికి వేలాడుతుంది, తాళంచెవి సగం తిరిగి ఆగిపోతుంది. ఇలాంటి తలుపు ఉన్నవాళ్లు చాలామంది ఇదే దశలో "డోరే మార్చాలి" అనే మాట నమ్మి వేలకు వేలు పెడుతున్నారు కాబట్టి, నేను చేస్తున్న పని వివరంగా రాసి పెడుతున్నాను.

మల్టీపాయింట్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు తాళం తలుపును ఒక్కచోట పట్టుకుంటుంది. ఇందులో తలుపు అంచు పొడవునా ఒక స్టీలు పట్టీ ఉంటుంది, దాని వెనక జారే కడ్డీ, పైనా కిందా రోలర్లో హుక్కులో, మధ్యలో గేర్ బాక్స్. హ్యాండిల్ ఎత్తితే గేర్ బాక్స్ ఆ కడ్డీని జరుపుతుంది, అన్ని పాయింట్లూ ఒకేసారి ఫ్రేములోని కీపర్లలోకి, అంటే వాటిని పట్టుకునే లోహపు ముక్కల్లోకి, వెళ్లి పట్టుకుంటాయి, తర్వాత తాళంచెవి తిప్పితే కదలకుండా లాక్ అవుతుంది. అంటే తలుపు మొత్తం భారం అరచేయంత గేర్ బాక్స్ మీద ఆధారపడి ఉంటుంది. అది పోతే అన్నీ పోయినట్టే.

తొందర ఎందుకంటే మా బాపు. ఆయనకు కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవదు, సాయంత్రాలు మాత్రం బాల్కనీలోనే కూర్చుంటాడు. "బిడ్డా, గీ తలుపు నాతోని అయితలేదు, జర చూడు" అన్నాడు. కాబట్టి కొత్త లాక్‌కు నేను పెట్టుకున్న షరతు ఒక్కటే: ఆయన ఎడమ చేత్తో, ఎవరి సాయం లేకుండా తెరిచి మూయగలగాలి.

ఆదివారం, పోయింది ఏంటో తేల్చుకోవడం

లాక్ కొనడానికి పరుగెత్తే ముందు ఒక్క పరీక్ష చేయండి, ఖర్చు లేదు. తలుపు బార్లా తెరిచిపెట్టి, ఆ తెరిచిన స్థితిలోనే హ్యాండిల్ ఎత్తి తాళంచెవి తిప్పి చూడండి. తెరిచినప్పుడు సాఫీగా తిరిగి, మూసినప్పుడు మాత్రమే గట్టిగా ఉంటే లాక్ బాగానే ఉన్నట్టు, తలుపు వాలిపోయి రోలర్లు కీపర్లకు తగులుతున్నాయి. తెరిచినప్పుడు కూడా మొరాయిస్తే లోపం లాక్ లోపలే ఉంది.

మాది తెరిచి ఉంచినా మొరాయించింది. హ్యాండిల్ పూర్తిగా ఎత్తినా రోలర్లు తమ దారిలో సగం దూరమే వెళ్లి ఆగాయి. మూస్తే ఇంకా గట్టిగా ఉంది, అంటే రెండో జబ్బు కూడా ఉంది. ఈ రెండోదాన్ని పక్కనపెట్టి లాక్ ఒక్కటే మార్చి ఊరుకోవడం వల్లే చాలా ఇళ్లలో కొత్త లాకులు కూడా నిలబడడం లేదు. దాని సంగతి తర్వాత.

అదే రోజు మధ్యాహ్నం, విప్పడం

ముందు సిలిండర్, అంటే తాళంచెవి దూరే ముక్క. తలుపు అంచు పట్టీ మీద, తాళంచెవి రంధ్రానికి సరిగ్గా సూటిగా ఒక పొడవాటి స్క్రూ ఉంటుంది. అది పూర్తిగా తీసి, తాళంచెవి పెట్టి కొంచెం తిప్పితే, సిలిండర్ మధ్యలో పొడుచుకొచ్చిన నాలుక దాని ఒంటితో సమానంగా వచ్చే చోట సిలిండర్ చేతిలోకి జారి వస్తుంది. తాళంచెవి నిటారుగా ఉంచి లాగితే నాలుక అడ్డుపడి రాదు, బలం వాడకండి. తర్వాత లోపలి వైపు హ్యాండిల్ ప్లేటుకున్న స్క్రూలు, హ్యాండిల్‌ను గేర్ బాక్స్‌కు కలిపే చదరపు ఇరుసు, చివరగా పట్టీ పొడవునా ఉన్న చిన్న స్క్రూలు. ఇవన్నీ తలుపు తెరిచి ఉండగానే చేయాలి, సగం విప్పిన లాక్‌తో గాలికి తలుపు పడిపోతే బయట చిక్కుకోవాల్సి వస్తుంది. కింద ఒక ఇటుక పెట్టుకున్నాను.

పట్టీ బయటికి లాగాక సంగతి తేటతెల్లమైంది. గేర్ బాక్స్‌లో చదరపు ఇరుసు దూరే చక్రం జింకు పోతపోసింది, దానికి ఒక పన్ను విరిగి పక్కకు పడుంది, విరిగినచోట బూడిదరంగు గరుకు. ఆ ముక్క వేరే పళ్ల మధ్య ఇరుక్కుని నలుగుతున్నప్పుడు వచ్చేదే ఆ కరకర. కింది రోలర్ చుట్టూ పట్టీ తుప్పు పట్టి పొరలు పొరలుగా లేస్తోంది. 2023 జూలై చివర హనుమకొండ కాలనీలు మునిగిన వానల్లో మా వీధికి నీళ్లు రాలేదు గానీ, వాన మాత్రం గాలితో కలిసి ఈ తలుపు మీదే కొట్టింది. ఫ్రేము అడుగున నీళ్లు బయటికి పోవడానికి చీలికల్లాంటి రంధ్రాలుంటాయి, అవి దుమ్ముతో మూసుకుపోతే నీళ్లు లోపలే నిలుస్తాయి. మావి పూర్తిగా మూసుకుపోయి ఉన్నాయి. సన్నని తీగతో పొడిచి, నీళ్లు పోసి బయటికి వస్తున్నాయో లేదో చూశాను. మీ ఇంట్లో ఈ లాక్ బాగానే ఉన్నా సరే, వానాకాలం ముందు ఈ రంధ్రాలు శుభ్రం చేయండి.

రాత్రికి తలుపుకు పైన ఒకటి, కింద ఒకటి తాత్కాలికంగా గడియలు బిగించాను. బయట గ్రిల్ ఉంది కాబట్టి భయం లేదు.

సోమవారం సాయంత్రం, కొలతలు

ఈ పనంతటిలో అసలు కీలకం ఇదే. షాపులో బ్రాండు అడుగుతారు, ఫోటో అడుగుతారు. రెండూ సరిపోవు. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉండే లాకులు కొలతల్లో ఐదారు ఎంఎం తేడా ఉంటాయి, ఆ తేడాకే హ్యాండిల్ రంధ్రాలు కలవవు. వెర్నియర్ కాలిపర్ ఉంటే మంచిది, లేకపోతే స్టీలు స్కేలు. బట్టలు కుట్టే టేపు వద్దు.

మొదటిది, హ్యాండిల్ ఇరుసు కేంద్రం నుంచి తాళంచెవి కేంద్రానికి దూరం, షాపువాళ్లు దీన్నే పీజడ్ అంటారు. యూపీవీసీ తలుపుల్లో ఎక్కువగా కనిపించేవి 85, 92. కేంద్రం ఎక్కడుందో కంటితో అంచనా వేయడం కంటే అంచు నుంచి అంచుకు కొలవడం నమ్మకం. ఇరుసు రంధ్రం 8 ఎంఎం చదరం, సిలిండర్ రంధ్రంలో పైన గుండ్రంగా ఉండే భాగం దాదాపు 17 ఎంఎం. చదరం కింది అంచు నుంచి గుండ్రం పై అంచుకు నాకు 72.5 వచ్చింది. దానికి చదరంలో సగం 4, గుండ్రంలో సగం 8.5 కలిపితే 85. అంతే.

రెండోది బ్యాక్‌సెట్. పట్టీ ముందు ముఖం నుంచి ఇరుసు కేంద్రం దాకా. తలుపు అంచు నుంచి కాదు, పట్టీ ముఖం నుంచి, ఎందుకంటే పట్టీ తలుపు గాడిలో కొంచెం లోపలికి కూర్చుంటుంది, తలుపు అంచు నుంచి కొలిస్తే ఆ లోతు కూడా కలిసిపోతుంది. ముఖం నుంచి చదరం దగ్గరి అంచుకు 31, సగం చదరం 4, మొత్తం 35. ఇవే 25, 28, 30, 40 ఎంఎం లాకులు కూడా ఉంటాయి, తలుపు ప్రొఫైల్ (గాజు చుట్టూ ఉండే బోలు ప్లాస్టిక్ చట్రం) వెడల్పును బట్టి.

పట్టీ వెడల్పు 16. ఇది గాడి వెడల్పుకు సరిపోవాలి, 20 ఎంఎం పట్టీ మా తలుపులో దూరదు. తర్వాత గేర్ బాక్స్ డబ్బా వెనక దాకా లోతు, నిలువు పొడవు. ఇది చాలామంది కొలవరు గానీ, ప్రొఫైల్ లోపల డబ్బా కోసం కోసిన గుంత అంతే ఉంటుంది, దాని వెనక స్టీలు కడ్డీ ఉంటుంది, డబ్బా పెద్దదైతే స్టీలు కోయాల్సి వస్తుంది. అది నేను ఒప్పుకోను, తలుపు బలం ఆ స్టీలులోనే ఉంది.

ఆ తర్వాత పాయింట్ల స్థానాలు. అన్నీ ఇరుసు కేంద్రం నుంచే కొలిచాను: పై రోలర్ 730 పైకి, కింది రోలర్ 690 కిందికి, పట్టీ మొత్తం పొడవు, పైచివర నుంచి ఇరుసుకు దూరం. పట్టీని నేలమీద పరిచి, పక్కన పాత న్యూస్‌పేపర్లు అతికించి, దానిమీద పెన్సిల్‌తో నిజం సైజులో గీసుకున్నాను. షాపులో లాక్‌ను ఆ కాగితం మీద పడుకోబెట్టి చూస్తే వాదన ఉండదు.

సిలిండర్ వేరే లెక్క. మొత్తం పొడవు చెబితే చాలదు, మధ్య స్క్రూ రంధ్రం నుంచి బయటి వైపు ఎంత, లోపలి వైపు ఎంత అని రెండు అంకెలు కావాలి. పాతది బయట 45, లోపల 35. బయటి కొన హ్యాండిల్ ప్లేటు దాటి 5 ఎంఎం పొడుచుకొచ్చి ఉండేది. ఇది చిన్న విషయం కాదు. ఈ రకం సిలిండర్ సరిగ్గా స్క్రూ రంధ్రం దగ్గరే సన్నగా, బలహీనంగా ఉంటుంది, బయటికి పొడుచుకొచ్చిన కొనను పట్టకారుతో పట్టి విరిస్తే అక్కడే విరుగుతుంది, ఆ తర్వాత ఎన్ని పాయింట్ల లాక్ అయినా తెరిచినట్టే. ప్లేటుతో సమానంగా, మహా అయితే రెండు ఎంఎం బయటికి ఉండాలి. కాబట్టి కొత్తది బయట 40.

పట్టీ మీద ముద్ర ఏమైనా ఉందేమోనని కిరోసిన్ గుడ్డతో తుడిచాను. కిందంతా తుప్పు తినేసింది, గేర్ బాక్స్ మీద ఒక అంకె మాత్రం మిగిలింది. మీ లాక్‌కు తయారీదారు గుర్తు, నంబరు కనిపిస్తే ఫోటో తీసి పెట్టుకోండి, సగం వెతుకులాట తప్పుతుంది.

వారం మధ్యలో, షాపులు

వరంగల్ చౌరస్తా దగ్గర ఒక హార్డ్‌వేర్ షాపులో పాత పట్టీ కౌంటరు మీద పెట్టగానే, "అక్కా, గిది సెట్ కాదు, కంపెనీది గదే రావాలె, లేకుంటే డోరే మార్చుకోవాలె" అన్నాడు. కాగితం మీద కొలతలు చూపిస్తే కాస్త ఆలోచించి లోపలి నుంచి రెండు లాకులు తెచ్చాడు. ఒకటి 92, రెండోది 85 అయినా బ్యాక్‌సెట్ 30. "ఐదు ఎంఎంలో ఏమైతదక్కా, హ్యాండిల్ రంధ్రం జర పెద్దగ చేస్తే అయిపాయె" అన్నాడు. వద్దన్నాను. రంధ్రం పెద్దది చేస్తే ప్లేటు పక్కకు జరిగి స్క్రూలకు పట్టు పోతుంది, సిలిండర్ రంధ్రం కూడా జరపాలి, ఒకసారి కోసిన ప్రొఫైల్‌ను మళ్లీ అతికించలేం.

కాజీపేట రోడ్డులో యూపీవీసీ కిటికీలు చేసే షెడ్డులో అడిగితే పని తెలిసిన మనిషి దొరికాడు. ఆయన పట్టీ కంటే ముందు తలుపు ఏ దిక్కుకుందని అడిగాడు. పడమర అన్నాను. "లాక్ కొత్తది ఏసినా ఏడాదికి మళ్ల గిదే కథ అక్కా, ముందుగాల డోరు లేపాలె." ఆయన చెప్పిన దాంట్లో లెక్క ఉంది. యూపీవీసీ ఒక్కో మీటరుకు, ఒక్కో డిగ్రీకి దాదాపు 0.07 ఎంఎం సాగుతుంది. రెండు మీటర్ల ముక్క 30 డిగ్రీలు వేడెక్కితే నాలుగు ఎంఎం. లోపలి స్టీలు కొంత ఆపుతుంది గానీ పూర్తిగా ఆపదు, పైగా మాది చెక్క రంగు ప్రొఫైల్, మే నెలలో మధ్యాహ్నం మూడింటికి దానిమీద చెయ్యి పెట్టలేం. బయటి ముఖం కాగి, లోపలి ముఖం చల్లగా ఉంటే తలుపు కొంచెం విల్లులా వంగుతుంది. అప్పుడు రోలర్లు కీపర్లలోకి సూటిగా పోవు, మనం హ్యాండిల్‌ను బలంగా ఎత్తుతాం, ఆ బలమంతా జింకు పన్ను మీద పడుతుంది. రోజూ కొంచెం కొంచెంగా అరిగి ఒకరోజు విరుగుతుంది. మా లాక్ చచ్చిపోయింది ఇలాగే.

శనివారం, ఏది ఎంచుకున్నాను, ఎందుకు

గేర్ బాక్స్ ఒక్కటే మార్చడం అన్నిటికంటే చవక. పట్టీకి స్క్రూలతో బిగించినదైతే అదే చేయండి. మాది రివెట్లతో కొట్టేసింది, పైగా పట్టీ కింద తుప్పు. అందుకని పట్టీతో సహా పూర్తి సెట్టు.

ఎంచుకోవడంలో నేను పట్టుకున్న సూత్రం ఇది: తలుపులో కోసి ఉన్న కొలతలతో రాజీ లేదు, ఫ్రేములో స్క్రూలతో ఉన్నవాటితో రాజీ పడొచ్చు. పీజడ్, బ్యాక్‌సెట్, పట్టీ వెడల్పు, డబ్బా లోతు కచ్చితంగా కలవాలి. రోలర్ల స్థానాలు కలవకపోయినా ఫర్వాలేదు, ఎందుకంటే కీపర్లను ఫ్రేము మీద పైకీ కిందికీ జరపొచ్చు. ఈ ఒక్క సంగతి తెలిస్తే "అదే కంపెనీది, అదే మోడల్ రావాలె" అన్న మాటకు భయపడక్కర్లేదు.

షెడ్డు ఆయన సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తనకు తెలిసిన షాపుకు ఫోన్ చేసి నా అంకెలు చదివాడు. అక్కడ రెండు రకాలు దొరికాయి. ఒకటి పైనా కిందా హుక్కులు, రెండోది పైనా కిందా రోలర్లు, మధ్యలో డెడ్‌బోల్ట్ (తాళంచెవి తిప్పితే బయటికొచ్చే గట్టి గడియ). హుక్కు గట్టిది, గడ్డపారతో తలుపు పెకలించాలన్నా వదలదు. కింది అంతస్తు ముందు తలుపుకైతే కళ్లు మూసుకుని హుక్కులే తీసుకునేదాన్ని. కానీ హుక్కు కీపర్ రంధ్రంలోకి సూటిగా పోవాలి, తలుపు రెండు ఎంఎం కదిలినా అంచుకు తగులుతుంది. మాది రోజూ ఎండకు పెరిగి తగ్గే తలుపు, మొదటి అంతస్తు, బయట గ్రిల్, లోపల భుజం నొప్పి ఉన్న మనిషి. రోలర్ ఎత్తులో కాస్త అటూ ఇటూ అయినా నడుస్తుంది, పైగా అలెన్ కీతో తిప్పితే నొక్కుడు పెంచొచ్చు, తగ్గించొచ్చు. రోలర్ల సెట్టే తీసుకున్నాను. పై రోలర్ 760, కింది రోలర్ 640, అంటే పాతవాటితో కలవవు, కీపర్లు జరపాలి. పట్టీ కొంచెం పొడవు, కానీ చివరలు కోసుకునే వీలున్న రకం.

సిలిండర్ బయట 40, లోపల 35, లోపలి వైపు తాళంచెవికి బదులు తిప్పే నాబ్. గ్రిల్ లేని గాజు తలుపైతే నాబ్ పెట్టొద్దు, గాజు పగలగొట్టి చెయ్యి పెట్టి తిప్పేస్తారు. మాకు గ్రిల్ ఉంది, పైగా బాపు రాత్రిపూట తాళంచెవి వెతుక్కోకుండా తలుపు తీయగలగడం నాకు అన్నిటికన్నా ముఖ్యం.

పార్శిల్ ఆర్టీసీ కార్గోలో హనుమకొండ బస్టాండుకు వచ్చింది. అక్కడే విప్పి, కాలిపర్‌తో 85, 35, 16 మూడూ చూసుకున్నాకే ఇంటికి తెచ్చాను.

తలుపు లేపడం

షెడ్డు అన్న వచ్చాడు. ముందు మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలిచాం, ఐదు ఎంఎం తేడా. తాళం వైపు కింది మూల దిగిపోయింది. కీళ్లకు అలెన్ కీతో తిప్పే సర్దుబాటు ఉంది గానీ, ఆయన దాన్ని ముట్టుకోలేదు. "కీళ్లు తిప్పితే డోరు మొత్తం లేస్తది, వంకర అట్లనే ఉంటది" అన్నాడు. గాజు చుట్టూ ఉన్న బీడింగ్ (గాజును పట్టి ఉంచే సన్నని పట్టీలు) తీశాడు, పొడవు ముక్క ముందు, మధ్యలోంచి. గాజు కింద ఉండాల్సిన ప్లాస్టిక్ ముక్కలు ఒకపక్క అసలు లేవు.

ఇది చూసి నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ఇది తలుపు బిగించిన రోజు ఐదు నిమిషాల పని. 5 ఎంఎం గాజు చదరపు మీటరుకు పన్నెండున్నర కిలోలు. ఆ బరువంతా తాళం వైపు మూల మీద వేలాడితే తలుపు వాలక ఏం చేస్తుంది? గాజును కీళ్ల వైపు అడుగు మూలలో, తాళం వైపు పై మూలలో ప్లాస్టిక్ ముక్కలతో బిగిస్తే ఆ బరువు ఐమూలగా కీళ్ల మీదికి పోతుంది, గాజే తలుపును నిలబెడుతుంది. ఒకటి, రెండు, మూడు ఎంఎం ముక్కలు మార్చి మార్చి పెట్టి, కర్ణాల తేడా ఒక ఎంఎంకు తెచ్చాడు. కొత్త తలుపు చేయించుకునేవాళ్లు ఈ ముక్కలు పెడుతున్నారో లేదో దగ్గరుండి చూడండి. లాక్ ధర గురించి బేరం ఆడే కంటే ఇది ముఖ్యం.

బిగింపు

పట్టీ చివరలు కోసి, గరుకును ఆకురాయితో నునుపు చేసి, గాడిలో కూర్చోబెట్టాను. స్క్రూలు సగమే బిగించి, ఇరుసు దూర్చి, సిలిండర్ పెట్టి, అన్నీ సూటిగా ఉన్నాయని చూశాకే పూర్తిగా బిగించాను. సిలిండర్ మధ్య స్క్రూను చేతికి ఆనేదాకా బిగిస్తే చాలు, మరీ గట్టిగా లాగితే సిలిండర్ పక్కకు ఒరిగి తాళంచెవి పట్టేస్తుంది. తలుపు తెరిచి ఉండగా హ్యాండిల్ ఒక్క వేలితో లేచింది.

కీపర్ల కోసం కొబ్బరినూనెలో కుంకుమ కలిపి రోలర్ల మీద రాశాను. తలుపు మూసి, హ్యాండిల్ మెల్లగా ఎత్తి దించితే, ఫ్రేము మీద రోలర్ తిరిగిన చోట ఎర్రటి గీత పడింది. ఆ గీతను బట్టి కీపర్ స్థానం గుర్తుపెట్టి బిగించాం. స్క్రూ ప్లాస్టిక్‌లో మాత్రమే దిగితే ఊడుతుంది, లోపలి స్టీలు దాకా దిగాలి, డ్రిల్లు స్టీలుకు తగిలినప్పుడు శబ్దం మారుతుంది, వినండి. పాత రంధ్రాలను సిలికాన్‌తో మూసేశాం. కీపర్లు బిగించాక మళ్లీ కుంకుమ రాసి, ఈసారి మధ్యాహ్నం మూడింటికి, ఎండ తలుపు మీద ఉన్నప్పుడు చూశాను. పై కీపర్‌లో గీత ఒక పక్కకు ఒరిగింది, కీపర్‌ను ఆ వైపు ఒక ఎంఎం జరిపాను. పొద్దున ఒక్కసారే చూసి వదిలేస్తే పడమటి తలుపుకు సరిపోదు. రోలర్ల నొక్కుడు రెండింటికీ తక్కువ వైపే ఉంచాను, వానకు నీళ్లు లోపలికి వస్తేనే కొంచెం పెంచుతాను.

ఒక్క మాట, తాళంచెవి రంధ్రంలో కొబ్బరినూనె పోయకండి. మన ఇళ్లలో అందరికీ అలవాటే, కానీ నూనెకు దుమ్ము పట్టి లోపలి పిన్నులు జిగురైపోతాయి. సిలిండర్‌కు గ్రాఫైట్ పొడి, రోలర్లకూ జారే కడ్డీకీ గ్రీజు. కుంకుమ నూనె కూడా పని అయ్యాక గుడ్డతో శుభ్రంగా తుడిచేశాను.

బాపు ఎడమ చేత్తో ఎత్తి చూశాడు, నాబ్ తిప్పాడు, మళ్లీ తెరిచాడు. "గిప్పుడు అలకగున్నది" అన్నాడు.

మిగిలిన పని: తాత్కాలిక గడియల్లో పైది తీసేయాలి, కిందిది ఉంచుతాను. మే నెలలో ఎండ బాగా ముదిరాక కుంకుమ పరీక్ష మరోసారి చేయాలి. 85, 35, 16, ఇరుసు 8, సిలిండర్ 40/35, రోలర్లు 760, 640 అని పర్మనెంట్ మార్కర్‌తో అల్మరా తలుపు లోపలి వైపు రాసిపెట్టాను, పాత పట్టీ నుంచి తీసిన మంచి స్క్రూలు, పాత పై రోలర్ ఒక డబ్బాలో ఉన్నాయి.